పడవలో మరుగుదొడ్డి : ఎంపిక, ఏర్పాటు, సంరక్షణ



ఈ నెల పాఠం శీర్షిక చూసి కొందరు నవ్వుకోవచ్చు. "ఇంట్లో మరుగుదొడ్డి గురించి చెప్పారు, బడిలో మరుగుదొడ్డి గురించి చెప్పారు, ఇప్పుడు పడవలో కూడానా?" అని అడగవచ్చు. అవును, పడవలో కూడా. మన తీరంలో వేటకు వెళ్ళే మరబోట్లలో ఆరుగురి నుండి పదిమంది వరకు ఉంటారు. పది రోజులు, పన్నెండు రోజులు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ రోజులు సముద్రం మీదే ఉంటారు. అన్నం వండుకోవడానికి చోటు ఉంది, ఐసుకు చోటు ఉంది, వలలకు చోటు ఉంది. మనిషి రోజూ చేయక తప్పని పనికి మాత్రం చాలా బోట్లలో చోటు లేదు. గోదావరి మీద లాంచీలో పాపికొండలు చూడటానికి వెళ్ళేవారికీ, నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్ళేవారికీ ఈ పాఠం ఉపయోగపడుతుంది.

తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. బోట్లకు మరమ్మతులు, రంగులు అన్నీ ఆ రోజుల్లోనే చేయిస్తారు. మరుగుదొడ్డి పెట్టించాలన్నా అదే తగిన సమయం. కాబట్టి ఈ పాఠం ఇంట్లో అందరూ కలిసి చదవండి. ముఖ్యంగా వేటకు వెళ్ళేవారి భార్యలు, తల్లులు చదవండి.

మరుగుదొడ్డి లేకపోతే వచ్చే నష్టాలు

మొదటిది ప్రాణనష్టం. మరుగుదొడ్డి లేని బోటులో మనిషి అమరం దగ్గర అంచు మీద కూర్చుంటాడు, లేదా తాడు పట్టుకుని బయటికి వేలాడతాడు. డెక్కు మీద చేపల జిగురు ఉంటుంది, నీళ్ళు ఉంటాయి. పగలు మొహమాటపడి చీకటి పడేవరకు ఆగుతాడు. రాత్రివేళ, అందరూ నిద్రపోతుండగా, ఒంటరిగా వెళతాడు. ఒక కెరటం బోటును ఊపితే చాలు. ఇంజను శబ్దంలో కేక ఎవరికీ వినపడదు. తెల్లవారి లెక్క చూసుకుంటే ఒక మనిషి తక్కువ. వేటకు వెళ్ళి తిరిగి రాని మనుషుల గురించి తీరంలోని ప్రతి గ్రామానికీ తెలుసు. అందులో కొందరు తుఫానులో పోలేదు, కాలకృత్యానికి వెళ్ళి పోయారు.

రెండవది శరీరానికి జరిగే నష్టం. చోటు లేదని చాలామంది మలమూత్రాలను ఆపుకుంటారు. తరచుగా వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు తాగడం తగ్గిస్తారు. ఎండలో, ఉప్పుగాలిలో, ఇంజను వేడిలో చెమట ధారగా పోతుంటుంది. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. చిక్కబడిన మూత్రంలో రాళ్ళు ఏర్పడతాయి, మంట వస్తుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి. మలం ఆపుకుంటే అది గట్టిపడి మలబద్ధకం, మొలలు, ఆసనం దగ్గర చీలికలు వస్తాయి. వేట నుండి వచ్చినవారు ఆసుపత్రిలో చెప్పే నడుము నొప్పి, మూత్రంలో మంట, మలంతో పాటు రక్తం వంటి బాధలకు ఒక మూలం ఈ ఆపుకోవడమే.

మూడవది ఇతరులకు జరిగే నష్టం. మలంలో కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు, హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు, పోలియో వంటి జబ్బుల క్రిములు, నులిపురుగుల గుడ్లు ఉండవచ్చు. నడిసముద్రంలో అవి పలచబడిపోతాయి. కాని హార్బరులో, ఉప్పుటేరులో, నదిలో అవి మన దగ్గరే ఉంటాయి. గోదావరి నీటినే దిగువ ఊళ్ళవాళ్ళు తాగుతున్నారు. ఉప్పుటేరు నీటినే రొయ్యల చెరువులకు తోడుతున్నారు. ఆల్చిప్పలు, గుల్లలు నీటిని వడగట్టుకుని బతుకుతాయి కాబట్టి నీటిలోని క్రిములు వాటి శరీరంలో చేరి నిలుస్తాయి. కలరా క్రిమిని 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ గుర్తించాడు. ఆ క్రిమి ఉప్పునీరు, మంచినీరు కలిసే చోట మనిషి లేకపోయినా బతకగలదని తరువాత తెలిసింది. మన ఏటి మొగలన్నీ అటువంటి చోట్లే.

ముందుగా లెక్క వేసుకోండి

ఏ రకం కొనాలి అని అడిగేముందు, బోటులో ఎంతమంది, ఎన్ని రోజులు అని అడగాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి రోజుకు సుమారు ఒకటిన్నర లీటరు మూత్రం, సుమారు 200 గ్రాముల మలం విసర్జిస్తాడు. దీన్ని బట్టి ఎనిమిదిమంది ఉన్న బోటుకు లెక్క ఇలా వస్తుంది.

మూత్రం రోజుకు 12 లీటర్లు. మలం రోజుకు 1.6 కిలోలు, అంటే సుమారు ఒకటిన్నర లీటరు. కడుక్కునే నీళ్ళు మనిషికి అర లీటరు చొప్పున 4 లీటర్లు.

ఈ లెక్కలో ఒక సంగతి గమనించండి. రోగాన్ని తెచ్చే భాగం మలం. అది పరిమాణంలో చాలా తక్కువ. ఎక్కువ చోటు ఆక్రమించేవి మూత్రం, నీళ్ళు. మూడింటినీ ఒకే పాత్రలో కలిపితే అది త్వరగా నిండుతుంది, త్వరగా కంపు కొడుతుంది. విడిగా ఉంచితే చిన్న పాత్ర సరిపోతుంది, వాసన కూడా తక్కువ. చిన్న బోటు విషయంలో సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది.

నాలుగు రకాల మరుగుదొడ్లు

1. పొడి బకెట్టు మరుగుదొడ్డి. గట్టి ప్లాస్టిక్ బకెట్టు, దాని మీద బిగుతైన కూర్చునే పలక, మూత. మలం బకెట్టులో పడుతుంది. మూత్రం ముందుభాగంలో ఉన్న గరాటు ద్వారా గొట్టంలోకి వెళుతుంది. వాడిన ప్రతిసారీ ఒక గ్లాసు కొబ్బరి పొట్టు గాని, రంపపు పొట్టు గాని, పొడి బూడిద గాని మలం కనపడకుండా చల్లాలి. పొట్టు తేమను పీల్చుకుంటుంది. వాసన రాదు, ఈగ వాలదు. కోనసీమలో పీచు తీసే చోట్ల కొబ్బరి పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. ఇందులో పాడయ్యే యంత్రం లేదు, బోటు అడుగున రంధ్రం చేయవలసిన పని లేదు.

ఎనిమిదిమందికి మలం, పొట్టు కలిపి రోజుకు సుమారు 3 లీటర్లు. 20 లీటర్ల బకెట్టును ముప్పావు వంతు వరకే నింపాలి. అంటే ఒక బకెట్టు అయిదు రోజులు వస్తుంది. పన్నెండు రోజుల వేటకు బిగుతైన మూతలు గల మూడు బకెట్లు చాలు.

2. పెట్టె మరుగుదొడ్డి. సూట్‌కేసులాగా చేతితో మోసుకుపోయే ప్లాస్టిక్ మరుగుదొడ్డి ఇది. పైభాగంలో మంచినీళ్ళు, కిందిభాగంలో మలినం నిలిచే ట్యాంకు, మధ్యలో జారుడు తలుపు ఉంటాయి. ట్యాంకులో వాసన తగ్గించే మందు పోస్తారు. ఒకరోజు ప్రయాణానికి, చిన్న కుటుంబానికి ఇది సౌకర్యం. కింది ట్యాంకు సాధారణంగా 10 నుండి 20 లీటర్లే ఉంటుంది కాబట్టి ఎనిమిదిమంది వాడితే ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది. ఫార్మాలిన్ ఉన్న మందు కొనవద్దు. అది కళ్ళకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, ఒడ్డున సెప్టిక్ ట్యాంకులో పనిచేసే మంచి సూక్ష్మజీవులను చంపుతుంది.

3. పంపు మరుగుదొడ్డి, నిలువ ట్యాంకు. చేతి పంపుతో గాని, కరెంటు మోటారుతో గాని నీటిని లోపలికి లాగి, మలినాన్ని గొట్టం ద్వారా ట్యాంకులోకి నెడుతుంది. పెద్ద బోట్లకు, లాంచీలకు తగినది. కాని దీనికి సముద్రపు నీరు లాగే గొట్టం బోటు అడుగున రంధ్రం గుండా పోతుంది. ఆ రంధ్రం దగ్గర మూసే వాల్వు తప్పక ఉండాలి. గొట్టాన్ని నీటిమట్టం కన్నా బాగా ఎత్తుకు వంపు తిప్పి, ఆ వంపు పైన గాలి లాగే చిన్న వాల్వు పెట్టాలి. లేకపోతే నీరు దానంతట అదే వెనక్కి లాక్కుని పడవ నింపగలదు. ఇది చిన్న విషయం కాదు. 1945 ఏప్రిల్ 14న స్కాట్లాండ్ తీరం దగ్గర యు-1206 అనే జర్మన్ జలాంతర్గామిలో మరుగుదొడ్డి దగ్గర లోపం ఏర్పడి సముద్రపు నీరు లోపలికి వచ్చింది. ఆ నీరు బ్యాటరీలకు తగిలి విషవాయువు పుట్టింది. వారు పైకి తేలక తప్పలేదు, చివరికి ఆ ఓడనే పోగొట్టుకున్నారు. నలభైమందికి పైగా ఉన్న యుద్ధనౌకకే అలా జరిగితే, మన చెక్కబోటు ఎంత?

4. బయో మరుగుదొడ్డి. రైలు పెట్టెల కింద ఇప్పుడు మీరు చూస్తున్న ట్యాంకులు ఇవే. రైల్వేలు, రక్షణ పరిశోధన సంస్థ కలిసి రూపొందించాయి. ట్యాంకులో ఉండే సూక్ష్మజీవులు గాలి లేని చోట మలాన్ని తిని నీరుగా, వాయువుగా మారుస్తాయి. ఎక్కువమంది ఎక్కే లాంచీలకు, నీటి మీద ఇళ్ళకు తగినది. అయితే అది బతికి ఉన్న ప్రాణులతో నడిచే మరుగుదొడ్డి. అందులో యాసిడ్, ఫినాయిల్ పోస్తే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, అప్పుడు అది మామూలు మురికి ట్యాంకే. సీసాలు, గుట్కా పొట్లాలు, ప్యాడ్లు వేస్తే మూసుకుపోతుంది.

మీ పడవకు ఏది తగినది?

ఉదయం వెళ్ళి సాయంత్రం వచ్చే ఫైబరు పడవకు మూత ఉన్న బకెట్టు, ఒక సంచి పొట్టు చాలు. అడ్డుగా కట్టుకోవడానికి ఒక టార్పాలిన్ ముక్క ఉంచుకోండి.

పది పన్నెండు రోజులు వేటకు పోయే మరబోటుకు నా సలహా పొడి బకెట్టు మరుగుదొడ్డే. డబ్బు, చోటు ఉన్న యజమాని పంపు మరుగుదొడ్డి పెట్టించవచ్చు. కాని బాగుచేయడం తెలిసినవాడు బోటులో ఒకడైనా ఉండాలి.

ప్రయాణికుల లాంచీకి నిలువ ట్యాంకు గాని, బయో ట్యాంకు గాని తప్పదు. ఒక రోజు ప్రయాణంలో మరుగుదొడ్డిని 40 సార్లు వాడతారనుకోండి. ఒక్కసారికి నీళ్ళతో కలిపి మూడున్నర లీటర్లు అనుకుంటే 140 లీటర్లు. పావు వంతు ఖాళీ ఉంచాలి కాబట్టి 200 లీటర్ల ట్యాంకు కావాలి. నిండిన ట్యాంకు సుమారు 200 కిలోల బరువు. దాన్ని ఒక పక్కకు పెడితే లాంచీ ఒరుగుతుంది. నడిమధ్యన, వీలైనంత కిందుగా, కదలకుండా పట్టీలతో బిగించాలి. పడవను తనిఖీ చేసే అధికారికి, పడవ కట్టిన మేస్త్రికి చూపించిన తరువాతే పెట్టించండి.

ఎక్కడ, ఎలా అమర్చాలి?

- అంచుకు దూరంగా, లోపలి వైపు ఉండాలి. సరంగు గది వెనుక భాగం అనుకూలమైన చోటు.
- వంటచోటుకు, తాగునీటి డ్రమ్ములకు, ఐసుకు, చేపల గదికి వీలైనంత ఎడంగా ఉండాలి.
- మూడు వైపుల అడ్డు, ఒక తలుపు, తలుపుకు లోపల గడియ. గడియ బయట నుండి కూడా తీయగలిగేలా ఉండాలి, లోపల మనిషి పడిపోతే సహాయం చేయడానికి.
- రెండు చేతులకూ పట్టుకునే కడ్డీలు. కాళ్ళ కింద జారని గరుకు చాప.
- బకెట్టు పొర్లకుండా చుట్టూ చట్రం.
- రాత్రికి ఒక చిన్న దీపం.
- నిలువ ట్యాంకు అయితే గాలి గొట్టం వేలెడంత సన్నగా కాకుండా లావుగా పెట్టి, కొసను బయటి గాలిలోకి, మనుషులు పడుకునే చోటుకు దూరంగా తిప్పాలి. గాలి బాగా ఆడితే కంపు తగ్గుతుంది.

ఎక్కడ ఖాళీ చేయాలి?

పెద్ద ఓడలకు మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. మురుగు గురించిన దాని నాలుగవ అనుబంధం 2003 నుండి అమలులో ఉంది. శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపు వదలకూడదని, ఆ దూరం దాటాక కూడా ఓడ కదులుతున్నప్పుడు కొద్దికొద్దిగా మాత్రమే వదలాలని అది చెబుతుంది. 12 నాటికల్ మైళ్ళు అంటే సుమారు 22 కిలోమీటర్లు. ఈ నియమం 400 టన్నుల కొలతకు మించిన ఓడలకు, లేదా 15 మంది కన్నా ఎక్కువమందిని తీసుకుపోయే ఓడలకు పెట్టినది. మన బోట్లు చిన్నవి. అయినా మంచి కొలత ఎవరికైనా మంచి కొలతే. దాన్నే మనమూ పాటిద్దాం.

నదిలో, సరస్సులో, జలాశయంలో, ఉప్పుటేరులో, హార్బరులో ఎంత దూరం వెళ్ళినా ఒక్క చుక్క కూడా వదలకూడదు. 2021లో వచ్చిన దేశీయ నౌకల చట్టంలో కాలుష్య నివారణకు ఒక అధ్యాయమే ఉంది.

పొడి బకెట్టు విషయంలో, దూర వేటలో 22 కిలోమీటర్లు దాటాక, బోటు నడుస్తుండగా, గాలి వాలున ఖాళీ చేయవచ్చు. ప్లాస్టిక్ సంచితో సహా విసరవద్దు. సంచి సముద్రంలో కరగదు, మీ వలలోకే తిరిగి వస్తుంది. మూత్రపు గొట్టం నడిసముద్రంలో తెరిచి ఉంచవచ్చు. తీరం దగ్గర పడగానే దాన్ని మూసి, మూత్రాన్ని, కడిగిన నీళ్ళను ఒక డబ్బాలో పట్టి ఒడ్డున మరుగుదొడ్డిలో పోయండి.

ఒడ్డుకు తెచ్చిన పొట్టు మలాన్ని ఇటుకలతో కట్టిన మూత గల గదిలో వేసి, పైన పొట్టు చల్లి, మూసి ఉంచండి. తీరంలో భూగర్భజలం పైకే ఉంటుంది కాబట్టి లోతు గొయ్యి తవ్వవద్దు. తాగునీటి బావికి, బోరుకు 50 అడుగులకు తక్కువ దూరంలో ఉండకూడదు. నులిపురుగుల గుడ్లు చాలాకాలం బతుకుతాయి. మన ఎండలకు కూడా ఒక సంవత్సరం పూర్తిగా గడవనివ్వాలి. ఆ తరువాత కొబ్బరి చెట్లకు వేయండి, ఆకుకూరలకు వద్దు.

నిలువ ట్యాంకును ఒడ్డున సెప్టిక్ ట్యాంకు బండితో తోడించండి. ఎట్టి పరిస్థితుల్లోనూ మనిషిని ట్యాంకులోకి దింపవద్దు, తల కూడా పెట్టనివ్వవద్దు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు ఉంటుంది. మొదట కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, నాలుగు ఊపిరులలో మనిషి పడిపోతాడు. రక్షించడానికి దిగినవాడూ పడిపోతాడు. రక్షణ లేకుండా మనిషిని అలా దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

సంరక్షణ

ప్రతిరోజూ: కూర్చునే పలకను సబ్బునీటితో తుడవాలి. పొట్టు డబ్బా నిండుగా ఉందో, పొడిగా ఉందో చూడాలి. తడిసిన పొట్టు పనిచేయదు. బకెట్టు ముప్పావు నిండితే మూత బిగించి కొత్తది పెట్టాలి. పంపు రకం అయితే వాడిన తరువాత గొట్టం పొడవునా మలినం పోయేటంత వరకు పంపు కొట్టాలి. నాలుగుసార్లు కొట్టి వదిలేస్తే మలినం గొట్టం మధ్యలో నిలిచి అక్కడే గట్టిపడుతుంది. అందరూ పడుకునేముందు సముద్రపు నీటి వాల్వు మూయాలి.

ప్రతి వేటకు: ఒడ్డు చేరాక పంపు రకాన్ని మంచినీటితో కడగాలి. సముద్రపు నీటిలో కంటికి కనపడని జీవులు ఉంటాయి. గొట్టంలో నిలిచిన నీటిలో అవి చచ్చి కుళ్ళుతాయి. చాలామంది మలం వాసన అనుకునేది నిజానికి ఈ కుళ్ళిన ఉప్పునీటి వాసనే. బకెట్లను చీపురుతో రుద్ది కడిగి, బ్లీచింగు నీటితో తడిపి, ఎండలో బోర్లించండి.

నెలకోసారి: మూత్రం, ఉప్పునీరు కలిస్తే గొట్టం లోపల సున్నంలా పొర కడుతుంది. వెనిగర్ పోసి కొన్ని గంటలు ఉంచి కడిగితే ఆ పొర మెత్తబడుతుంది. పంపు బిగుసుకుపోతే రెండు చెంచాల వంటనూనె పోసి కొట్టండి, లోపలి రబ్బరు వాచర్లు మెత్తగా కదులుతాయి. పెట్రోలు, కిరోసిన్ పోయవద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

వేట నిషేధ కాలంలో: గొట్టాలన్నీ విప్పి చూడండి. గొట్టం పైన తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ వాసన చూడండి. గుడ్డకు కంపు అంటితే ఆ గొట్టం మార్చవలసిందే. వాల్వులు తిరుగుతున్నాయో లేదో, క్లిప్పులు తుప్పు పట్టాయో చూడండి. ఒక్కొక్క గొట్టానికి రెండేసి క్లిప్పులు బిగించండి. అదనపు వాచర్ల సెట్టు ఒకటి బోటులో ఉంచండి.

ముఖ్యమైన హెచ్చరిక: బ్లీచింగు పౌడరు, యాసిడ్ ఎప్పుడూ కలపవద్దు. బ్లీచింగు, వెనిగర్ కూడా కలపవద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి ఆడదు. మూత్రం నిలిచిన చోట బ్లీచింగు పోసినా ఘాటైన వాయువు వస్తుంది. ముందు నీళ్ళతో బాగా కడిగి, తరువాతే బ్లీచింగు వాడండి.

చేతులు, తాగునీరు

మరుగుదొడ్డి ఎంత బాగున్నా చేతులు కడుక్కోకపోతే ప్రయోజనం లేదు. కుళాయి ఉన్న 20 లీటర్ల డబ్బా ఒకటి మరుగుదొడ్డి పక్కనే కట్టండి. సబ్బును వల ముక్కలో వేసి వేలాడదీయండి, నీళ్ళలో పడిపోదు. ఇరవై లెక్కపెట్టేంతసేపు రుద్దాలి, గోళ్ళ సందులు మరచిపోవద్దు. హార్బరు నీటితో చేతులు, గిన్నెలు, చేపలు కడగవద్దు.

బోటులో వంట చేసేవారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. టైఫాయిడ్ తగ్గిన తరువాత కూడా కొందరి పిత్తాశయంలో ఆ క్రిమి నిలిచి ఉండి, వారికి ఏ బాధా లేకుండానే మలంలో బయటికి వస్తుంటుంది. ఒక్క వంటమనిషి చేతుల నుండి బోటంతా జబ్బు పడవచ్చు.

నడిసముద్రంలో విరేచనాలు పట్టుకుంటే

మందుల పెట్టెలో కనీసం 20 ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచండి. ఒక పొట్లం ఒక లీటరు మంచినీటిలో పూర్తిగా కలపాలి. పొట్లం లేకపోతే లీటరు నీటిలో ఆరు సమతల చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. విరేచనం అయిన ప్రతిసారీ ఒక గ్లాసు చొప్పున తాగించాలి. ఉప్పు ఎక్కువ వేస్తే మేలు కాదు, కీడు.

ఆ మనిషికి విడిగా ఒక బకెట్టు ఇవ్వండి. అతని చేత వంట చేయించవద్దు. మలంలో రక్తం, ఆగని వాంతులు, జ్వరం, కళ్ళు లోపలికి పోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా వల ఎత్తి ఒడ్డు దారి పట్టండి. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554.

స్త్రీలకు ఒక మాట

లాంచీ ఎక్కేముందు రోజు నుండే నీళ్ళు మానేసే అక్కచెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. ముఖ్యంగా గర్భిణులు ఇలా చేయకూడదు. గర్భం సమయంలో మూత్రంలో క్రిములు చేరితే అవి కిడ్నీల దాకా పాకి, నెలలు నిండకముందే కాన్పు వచ్చే ప్రమాదం ఉంది. టిక్కెట్టు కొనేటప్పుడే "లాంచీలో మరుగుదొడ్డి ఉందా? నీళ్ళు ఉంటాయా? మలినం ఎక్కడ వదులుతారు?" అని అడగండి. పదిమంది అడిగితే పదకొండవవారు వచ్చేసరికి యజమాని ఏర్పాటు చేస్తాడు. నెలసరి ప్యాడ్లను కాగితంలో చుట్టి మూత ఉన్న డబ్బాలో వేయండి, దొడ్డిలో గాని నీళ్ళలో గాని వేయవద్దు.

మరుగుదొడ్డి వచ్చేవరకు

ఈలోగా వేట ఆగదు కాబట్టి ఈ నాలుగు నియమాలు ఇంటివారికి చెప్పి పంపండి. అంచు మీద కూర్చోవద్దు, డెక్కు మీదే బకెట్టు వాడండి. రాత్రి వెళ్ళేటప్పుడు ఒకరిని లేపి చెప్పి వెళ్ళండి. లైఫ్ జాకెట్టు తొడుక్కోండి. మద్యం తాగి డెక్కు అంచుకు వెళ్ళవద్దు.

యజమానితో మాట్లాడటానికి కలాసీలు మొహమాటపడతారు. "ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు?" అంటారు యజమానులు. ఇన్నాళ్ళూ పోయిన ప్రాణాలే దానికి జవాబు. ఒక బకెట్టు, ఒక పలక, నాలుగు చెక్కలు, ఒక బస్తా కొబ్బరి పొట్టు. వీటి ఖర్చు చిరిగిన వలను బాగు చేయించే ఖర్చుతో పోలిస్తే ఏపాటిది? భార్యలు, తల్లులు కలిసి వెళ్ళి అడిగితే కాదనే యజమాని అరుదు. వేట నిషేధం ముగిసేలోగా అడగండి.

పాఠం మననం చేసుకోండి

1. మలం, మూత్రం, నీళ్ళు విడిగా ఉంచితే వచ్చే లాభమేమిటి?
2. ఆరుగురు పది రోజుల వేటకు వెళితే 20 లీటర్ల బకెట్లు ఎన్ని కావాలి? లెక్క వేసి చూడండి. (ఆరుగురికి రోజుకు సుమారు రెండుంబావు లీటర్లు. ఒక్కొక్క బకెట్టులో 15 లీటర్లే నింపాలి.)
3. ఏ ఏ చోట్ల మలినాన్ని అసలు వదలకూడదు?
4. బయో మరుగుదొడ్డిలో యాసిడ్ ఎందుకు పోయకూడదు?
5. ఏ రెండు మందులు కలిపితే విషవాయువు పుడుతుంది?
6. విరేచనాల రోగిలో ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఒడ్డుకు రావాలి?

ఇంట్లో చదవడం రానివారు ఉంటే పిల్లలచేత చదివించండి. మీ బోటులో మరుగుదొడ్డి పెట్టించాలనుకుంటే మంగళవారం ఓపీ రోజున నర్సింగు విభాగానికి రండి. కొలతలు గీసి ఇస్తాము, సందేహాలకు జవాబు చెబుతాము. వచ్చే నెల పాఠం: బోటులో తాగునీటిని నిలువ చేసుకోవడం.

— నర్సింగు సూపరింటెండెంటు